బాలింత బీపీకి ఒక గడి

గత కార్తీక మాసంలో మా చెల్లెలికి తిరుపతిలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఆపరేషన్ కాన్పు అయింది. మగబిడ్డ, రెండు కిలోల తొమ్మిది వందల గ్రాముల బరువు. నాలుగో రోజున ఇంటికి పంపుతూ వాళ్ళు చేతికిచ్చిన ఫైలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. బిడ్డకు ఏ వారంలో ఏ టీకా వేయించాలో తెలిపే రంగుల పట్టిక, ఒళ్ళు పచ్చబడితే ఏం చేయాలో చెప్పే పేజీ, పాలు పట్టే తీరు గురించి బొమ్మలతో మరో పేజీ అందులో ఉన్నాయి. తల్లి గురించి ఉన్నవి డిశ్చార్జి కాగితం అడుగున మూడు పంక్తులు మాత్రమే: యాంటీబయాటిక్ అయిదు రోజులు, నొప్పి ఉంటే మాత్ర, కుట్లు చూపించుకోవడానికి పదో రోజున రావాలి. ఆ మూడు పంక్తులనూ ఆ రోజు నేనే చదివి, అంతా సవ్యంగానే ఉందనుకుని ఫైలు సంచిలో పెట్టాను.

మా పుట్టిల్లు పాకాల దగ్గర ఒక పల్లె. తిరుపతిలో ఉద్యోగానికి పది రోజులు సెలవు పెట్టి బాలింత దగ్గరే ఉన్నాను కాబట్టి, తర్వాత జరిగినదంతా నా కళ్ళెదుటే జరిగింది. ఆరో రోజు మధ్యాహ్నం చెల్లెలు తలనొప్పి అన్నది. సాయంత్రానికి నుదుటి మీద రోకలితో దంచుతున్నట్టుందని, దీపం వైపు చూడలేకపోతున్నానని చెప్పింది. బయట ముసురు పట్టి ఉంది. "బాలింతకు తలనొప్పి రాకుండా ఉంటాదా మే? చెవుల్లో దూది పెట్టుకోమంటే వినకపాయె. గాలి సోకినాది" అని అమ్మ తలకు ఉన్ని గుడ్డ బిగించి కట్టి, సొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. నర్సింగ్ హోముకు ఫోను చేస్తే, ఎత్తినవారు వెన్నులో మత్తు సూది ఇచ్చినవాళ్ళకు తలనొప్పి మామూలేనని, నీళ్ళు బాగా తాగించి పడుకోబెట్టమని చెప్పారు. ఆ మాట పూర్తిగా తప్పని నేను అనలేను. మత్తు సూది వల్ల కొందరికి తలనొప్పి వచ్చే మాట నిజమే. అయితే అది లేచి కూర్చుంటే పెరిగి, వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. మా చెల్లెలికి పడుకున్నా తగ్గలేదు. ఆ తేడా అడిగే మనిషి ఫోనుకు అవతల లేరు. అడిగించుకోవాలన్న తెలివి ఇవతల ఉన్న నాకు లేకపోయింది. నీళ్ళ సంగతంటారా, మా ఇంట్లో బాలింతకు నీళ్ళు కొలిచే ఇస్తారు. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని అమ్మ నమ్మకం.

ఏడో రోజు ఉదయం ఆశా కార్యకర్త బిడ్డను తూచడానికి వచ్చింది. బిడ్డను ఉయ్యాల గుడ్డలో వేసి తూకపు కొక్కేనికి తగిలించింది, బరువు రాసుకుంది, చంకలో థర్మామీటరు పెట్టి చూసింది. పుస్తకం మూసి లేవబోతూ మంచం వైపు తిరిగి ఆగిపోయింది. "పెద్దమ్మా, నీ కూతురి మొగం ఇట్లా ఉబ్బిండాది ఎప్పుటినుంచి?" అని అడిగింది. మేము రోజూ చూస్తున్నవాళ్ళం, బాలింత నీరు కదా అనుకున్నవాళ్ళం. కాలి మడమ పైన బొటనవేలితో ఆమె నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె వెంటనే ఊళ్ళు చూసుకునే ప్రభుత్వ నర్సమ్మ ఏఎన్ఎంకు ఫోను చేసింది. అరగంటలో బీపీ యంత్రం వచ్చింది. 170కి 110 ఉంది. ఇంకో చేతికి కట్టి చూసినా అంతే. కడుపుతో ఉన్న తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా 120 దాటని మనిషి ఆమె.

108 వాహనంలో తిరుపతికి బయలుదేరాము. చంద్రగిరి దాటుతుండగా చెల్లెలు నా వైపు చూసి, "అక్కా, నీ మొగం రెండుగా అగుపిస్తాంది" అన్నది. ఆ మాట విన్నప్పుడు నా కాళ్ళు చల్లబడిన తీరు నేను రాయలేను. పెద్దాసుపత్రిలో చేర్చుకున్న వెంటనే బీపీ తగ్గించే మందుతో పాటు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేటు ఎక్కించారు. అది ఎక్కుతుంటే ఒళ్ళంతా మంట పెట్టినట్టుందని చెల్లెలు మూలిగింది. సిస్టరమ్మ మాటిమాటికీ వచ్చి మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి కాలు ఎగురుతుందో లేదో చూసేది, సంచిలో పడిన మూత్రాన్ని కొలిచేది. మందు మోతాదు మించితే ముందుగా పోయేది మోకాలి కదలికేనట. అయిదో రోజుకు గండం గడిచింది.

అక్కడి డాక్టరమ్మ చెప్పిన సంగతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే చదువుకున్న మా ఇంట్లోనే అది ఎవరికీ తెలియదు. కాన్పు కాగానే బీపీ ముప్పు తీరిపోతుందని అందరం అనుకుంటాము. కానీ ప్రసవమయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా రక్తపోటు పెరగడం శరీర ధర్మంలో ఉన్నదే. కొందరిలో ఆ పెరుగుదల హద్దు దాటుతుంది. గర్భంలో బీపీ ఏనాడూ లేనివారికి కూడా ఇలా జరగవచ్చు, ఆరు వారాల వరకు ఎప్పుడైనా జరగవచ్చు. వదలని తలనొప్పి, చూపు మసకబారడం, డొక్క పైభాగాన కుడివైపు నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం దాని గుర్తులు. వాటిని పట్టించుకోకపోతే పల్లెల్లో గుర్రపువాతం అనే ఫిట్స్ వస్తాయి, మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. పై అంకె 160 లేదా కింది అంకె 110 చేరితే దాన్ని గంటల్లో దించాలి, రోజుల్లో కాదు. మా చెల్లెలి విషయంలో దాదాపు ఒక రోజు తలగుడ్డతో, సొంఠి పట్టుతో గడిచిపోయింది.

ఇంటికి తిరిగి వచ్చాక ఆశా కార్యకర్తను కూర్చోబెట్టి ఆమె సంచిలో ఏముందో చూపించమన్నాను. బిడ్డను తూచే తూకం, థర్మామీటరు, ఊపిరి లెక్కించడానికి గడియారం, బిడ్డకు చుట్టే దుప్పటి. 2011లో దేశమంతటా మొదలైన ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం, ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. అన్నిసార్లూ వస్తే ఆమెకు ముట్టేది 250 రూపాయలు. ఆ ఫారంలో తల్లి గురించి ఏమీ లేదని అంటే అన్యాయమవుతుంది. జ్వరం ఉందా, రక్తస్రావం ఎక్కువగా ఉందా, మైల దుర్వాసన వస్తోందా, తల్లి తేడాగా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా అనే ప్రశ్నలు ఉన్నాయి. ఫిట్స్ వచ్చాయా అని అడిగే గడి ఉంది, ఫిట్స్ రాబోతున్నాయని ముందే చెప్పగల బీపీకి గడి లేదు. మా ఇంటికి వచ్చిన ఆమె పుస్తకంలో లేని పని చేసింది కాబట్టి మా చెల్లెలు బతికింది. అందరి ఇళ్ళకూ అలాంటి కన్నున్న మనిషే వస్తుందని నమ్ముకుని ఉండలేము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కాన్పు తర్వాత తల్లీబిడ్డలు కనీసం 24 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలని, ఆపైన కనీసం మూడుసార్లు, అంటే 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి, ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య ఇంకోసారి, ఆరో వారంలో మరోసారి ఇద్దరినీ పరీక్షించాలని ఉంది. ఇద్దరినీ అన్న మాటను గుర్తు పెట్టుకోవాలి. మన రాష్ట్రం కాన్పుల విషయంలో వెనుకబడినదేమీ కాదు. 2018-20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. దాదాపు అందరూ ఆసుపత్రిలోనే కంటున్నారు. కాన్పు గదిలో గెలిచామన్నది నిజం, దానికి పనిచేసినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. అయితే అదే కాలపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కత్తి కాన్పులే. ఇంత పెద్ద కోతతో ఇంటికి చేరుతున్న ఇంతమంది తల్లులను పదో రోజు కుట్ల దగ్గర ఒకసారి చూసి వదిలేయడం ఏ లెక్కన సరిపోతుందో నాకు అర్థం కాదు. పొట్టలో గడ్డ తీసిన మనిషికి నెల రోజులు మంచం దిగవద్దంటాము, పొట్ట కోసి బిడ్డను తీసిన మనిషికి రాత్రికి పన్నెండుసార్లు లేచే పని అప్పగిస్తాము.

అమ్మ పద్ధతుల గురించి కూడా చెప్పాలి. వాటిని మూఢనమ్మకాలని ఒక్క మాటలో తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. పుట్టింట్లో మూడు నెలలు ఉంచడం, బిందె ఎత్తనివ్వకపోవడం, నూనె మర్దన, వేళకు వేడి అన్నం, వచ్చేపోయేవాళ్ళను గడప దాటనివ్వకపోవడం, ఇవన్నీ డబ్బు పోసినా ఆసుపత్రిలో దొరకని వైద్యం. నెదర్లాండ్స్‌లో కాన్పు తర్వాత తొలి వారం పది రోజులు శిక్షణ పొందిన సహాయకురాలు ఇంటికి వచ్చి తల్లిని చూసుకునే ఏర్పాటు ఉందని చదివినప్పుడు, మా అవ్వ జీతం లేకుండా చేసింది ఇదే కదా అనిపించింది. తేడా ఏమిటంటే ఆ సహాయకురాలికి ఏ గుర్తు చూస్తే ఎవరికి ఫోను చేయాలో నేర్పి పంపుతారు.

చిక్కు వచ్చేది పథ్యం దగ్గర. మొదటి పదకొండు రోజులు మా ఇంట్లో బాలింతకు వెల్లుల్లి కారం, మిరియాల చారు, నెయ్యి, ఒక ముద్ద పాత బియ్యపన్నం, ఉదయం గోళీకాయంత కాయం. సొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, బెల్లం కలిపి దంచిన ఆ కాయం వాసన అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ పప్పు వాతమని, ఆకుకూర విరేచనమని, గుడ్డు చీము పడుతుందని, మా సీమ బిడ్డలకు ప్రాణమైన రాగిసంగటి చలవని పక్కన పెడతారు. పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతుంటే, మనం రోజూ తినేదాన్ని కూడా సగం చేస్తున్నాము. అందులోనూ కాల్షియం ఎక్కువగా ఉండే రాగిని, కండ పట్టించే పప్పును, గుడ్డును తీసేసి. నీళ్ళు తగ్గించడం ఇంకా ప్రమాదం. బాలింత రక్తానికి గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువగా ఉంటుంది. దానికి తోడు ఒంట్లో నీరు ఇంకిపోతే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుందని మన దేశపు వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఈ విషయం డాక్టరమ్మ నోట విన్నాక అమ్మ మారు మాట్లాడకుండా మంచం పక్కన రాగి చెంబు పెట్టింది. ఆమెకు చెప్పవలసిన తీరులో చెప్పినవాళ్ళు అంతవరకు లేరు, అంతే.

ఐరన్ మాత్రల కథ వేరే. కాన్పు నాటికి చెల్లెలి రక్తంలో హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం గర్భిణిగా ఉన్నప్పుడు 180 రోజులు మింగినట్టే, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మింగాలి. అవి ఎక్కడున్నాయని వెతికితే దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనుక, నాలుగు తప్ప అన్నీ అలాగే దొరికాయి. బిడ్డ బయటపడ్డాక ఇంక మాత్రలెందుకని అమ్మ, నోరు చేదుగా ఉంటుందని చెల్లెలు, ఇద్దరూ కూడబలుక్కుని దాచేశారు. మింగిన నాలుగు రోజులూ పాలతో, కాఫీతో మింగిందట. అలా మింగితే ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో మింగమని, కాల్షియం మాత్రతో కలపకుండా వేరే పూట వేసుకోమని చెప్పడానికి అర నిమిషం చాలు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు ఇందాకటి కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. కాన్పులో పోయిన రక్తం పూడకుండానే రెండో కడుపు మొదలవుతున్న ఇళ్ళు మా వీధిలోనే మూడు ఉన్నాయి.

మనసు సంగతి నా అనుభవంతోనే చెప్పగలను. తొమ్మిదేళ్ళ కిందట మా అబ్బాయి పుట్టినప్పుడు ప్రతిరోజూ సాయంత్రం నాలుగు గంటలకు నాకు ఏడుపు వచ్చేది. కారణం ఉండేది కాదు. బిడ్డను ఎత్తుకోవాలంటే భయం, ఎత్తుకోకపోతే పాపభీతి. దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు, బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేమిటని మందలించారు. తొలి రెండు వారాల్లో వచ్చిపోయే దిగులు చాలామందికి మామూలే. అది రెండు వారాలు దాటితే జబ్బుగా చూడాలని నాకు తెలియదు. మూడు నెలలు అలాగే గడిపాను. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన ఒక సమీక్షలో నూటికి 22 మంది తల్లులకు కాన్పు తర్వాతి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి అయిదుగురు బాలింతల్లో ఒకరు. దాన్ని పసిగట్టడానికి 1987 నుంచే పది ప్రశ్నల ఎడింబరో పట్టిక ఉంది. గడచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, నిద్రపట్టనంత దిగులుగా ఉన్నారా అని అడిగే మామూలు ప్రశ్నలు అవి. నన్ను ఆ పదింటిలో ఒక్కటి అడిగినా ఆ సాయంత్రాల్లో కొన్ని నాకు మిగిలేవి. ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. ఆ నంబరును తల్లీబిడ్డల కార్డు అట్ట మీద అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

దగ్గితే మూత్రం పడటం, పాలు గడ్డకట్టి జ్వరం రావడం, గర్భంలో షుగరు వచ్చినవాళ్ళు ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు తాగి మళ్ళీ పరీక్ష చేయించుకోవలసి ఉండటం, వీటి గురించి అడిగేవాళ్ళూ లేరు, సిగ్గుతో చెప్పేవాళ్ళూ లేరు.

అసలు నాకు తోచిన ఉపాయం చాలా చిన్నది. బాలింతను ఆరో వారంలో ఆసుపత్రికి రప్పించడం కష్టమని అందరూ అంటారు. కానీ ఆరో వారంలో ఆమె వస్తూనే ఉంది, బిడ్డను ఎత్తుకుని, టీకాల కోసం. వానొచ్చినా, ఆటో దొరక్కపోయినా వస్తుంది. మనం బిడ్డ తొడను చూస్తాము, ఎత్తుకున్న చేతిని చూడము.

చెల్లెలిని, బిడ్డను తీసుకుని ఆరు వారాల టీకాకు ఒక బుధవారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. ఆవరణలో కానుగ చెట్టు కింద సిమెంటు అరుగు మీద తొమ్మిది మంది తల్లులు వరుసగా కూర్చుని ఉన్నారు. సిస్టరమ్మ మా వాడి నోట్లో రెండు రకాల చుక్కలు వేసి, రెండు తొడల మీద, కుడి చేతి మీద సూదులు వేసి, ఏడుపు ఆగేలోపు పుస్తకంలో మూడు గళ్ళు నింపింది. నేను నెమ్మదిగా, "సిస్టర్, ఈమెకు కాన్పయ్యాక బీపీ వచ్చింది, ఒకసారి చూస్తారా?" అని అడిగాను. ఆమె విసుక్కోలేదు. బల్ల సొరుగులోంచి యంత్రం తీసి చెల్లెలి చేతికి కట్టింది. 124కి 80. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అరుగు మీద కూర్చున్న ఒకామె, ఏర్పేడు వైపు నుంచి పుట్టింటికి వచ్చిందట, బిడ్డను భుజం మార్చుకుంటూ లేచి వచ్చి, "అక్కా, నాకూ చూడక్కా, రెండు దినాల నుంచి తల దిమ్ముగా ఉండాది" అన్నది. ఆమె వెనుక ఇంకో ఇద్దరు లేచారు. దిమ్ముగా ఉందన్న ఆమెకు 150కి 100 వచ్చింది. సిస్టరమ్మ ఆమెను నీడలో కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి డాక్టరుగారికి చెప్పి వచ్చింది.

తర్వాత కలం చేతిలో పట్టుకుని పుస్తకంలో ఆ అంకె ఎక్కడ రాయాలా అని పేజీని అటూ ఇటూ తిప్పింది. బిడ్డ పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, టీకా, బ్యాచి నంబరు, తర్వాతి తేదీ. అన్ని గళ్ళూ దేనికి దానికి ఉన్నాయి. చివరికి తల్లి పేరు పక్కన మార్జిన్లో చిన్న అక్షరాలతో 150/100 అని రాసి, దాని చుట్టూ ఒక సున్న చుట్టింది.